దొంగ నొప్పుల రోజులు

తొమ్మిదో నెల నడుస్తున్నప్పుడు నా పొట్టకు ఒక కొత్త అలవాటు పట్టుకుంది. ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. మొత్తం ఒక ముద్దలా గట్టిపడి, నేను ఊపిరి బిగబట్టి గోడ పట్టుకుని నిలబడేలోపు మళ్లీ మెత్తబడిపోయేది. నొప్పి అనడానికి లేదు, కాదు అనడానికీ లేదు. డాక్టరమ్మ దాన్ని ప్రాక్టీసు అంది. అసలు కాన్పుకు ముందు గర్భసంచి రిహార్సల్ చేసుకుంటుందట. మా అమ్మ మాత్రం మా గుంటూరు వైపు అనే మాటే అంది, దొంగ నొప్పులని. నాకు అమ్మ మాటే నచ్చింది. ఆశపెట్టి పారిపోయేవాటికి అంతకంటే తగిన పేరు లేదు.

ఆశ దేనికంటే, నాకు నొప్పులు కావాలి. ఈ మాట పైకి అంటే మా బంధువుల్లో ఆడవాళ్లంతా నాకేదో గాలి సోకినట్టు చూశారు. నొప్పులు భరించలేక ఆపరేషన్ చేసేయమని బతిమాలేవాళ్లను వాళ్లు చూశారు గానీ, నొప్పులు రమ్మని దేవుడికి మొక్కుకునే మనిషిని చూడలేదు. నాకు ముక్కు మీద కోపం. అడిగిన ప్రతివాళ్లకూ విసుక్కుంటూనే కారణం చెప్పేదాన్ని. ఇక్కడ మాత్రం విసుక్కోకుండా చెబుతాను.

నా మొదటి పాప కడుపులో ఎదురుకాళ్లతో ఉందని, ఆపరేషన్ తప్పదని అప్పటి డాక్టరు చెప్పారు. ఆపరేషన్ ఎలాగూ తప్పనప్పుడు మంచి ఘడియ చూసుకుని చేయించుకుంటే పోలేదా అనుకోవడం మా వైపు మామూలే. పెళ్లికి ముహూర్తం పెట్టినట్టే పుట్టుకకూ పెట్టిస్తారు. డాక్టరు చెప్పిన వారంలో నక్షత్రాలు ఏవీ బాగాలేవని, కొన్ని రోజుల ముందే చేయిస్తే దివ్యమైన ఘడియ ఒకటి ఉందని మా పురోహితుడు ఫోన్లో చెప్పారు. ఆ ఘడియకే పాపను బయటికి తీశారు. దానికి ఊపిరి అందలేదు. ఊపిరితిత్తులు ఇంకా తయారు కాలేదన్నారు. గాజు పెట్టెలో పెట్టి, ముక్కులోకి గొట్టాలు పెట్టి, నన్ను అద్దం ఇవతల నిలబెట్టారు. జాతకం మాత్రం బ్రహ్మాండంగా ఉందని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఇప్పుడు దానికి ఐదేళ్లు, రోజూ ఇల్లు పీకి పందిరేస్తోంది. దగ్గొస్తే మాత్రం ఇప్పటికీ నా గుండె ఆ అద్దం ముందుకే వెళ్తుంది.

అందుకని రెండోసారి కడుపుతో ఉన్నానని తెలిసిన రోజే నిర్ణయించుకున్నాను. ఈ బిడ్డ తను సిద్ధమైనప్పుడే వస్తుంది. ఎవరూ చెయ్యి పట్టి లాగరు. ఆ సంగతి నాకు తెలియాలంటే నొప్పులు వాటంతటవే రావాలి.

పంజాగుట్టలో నేను చూపించుకునే డాక్టరమ్మ నా మాట ఓపిగ్గా విని, కొన్ని షరతులు పెట్టింది. "పాత కుట్టు ఉంది కాబట్టి మందులిచ్చి నొప్పులు తెప్పించను. వస్తే వాటంతటవే రావాలి. వస్తే నార్మల్‌కి ట్రై చేద్దాం. డ్యూ డేట్ దాటాక వచ్చే మంగళవారం దాకా చూస్తాను. అప్పటికీ రాకపోతే ఆపరేషన్. సరేనా?" అంది. సరేనన్నాను. నా ఆశకు అలా ఒక మంగళవారం గడువు పడింది.

మేముండేది అమీర్‌పేటలో, మెయిన్ రోడ్డు వెనక సందులో. ఆ సందులో కోర్సుల బోర్డులు లేని గోడ లేదు. అలాంటి ఒక ఇన్‌స్టిట్యూట్‌లోనే నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేదాన్ని. పొట్ట బల్లకు తగిలేదాకా క్లాసులు చెప్పి, అప్పుడు సెలవు పెట్టాను. సెలవులో పొద్దున్నే నడక మొదలుపెట్టాను. నడిస్తే నొప్పులు వస్తాయని ఎవరో అన్నారు. మెట్రో పిల్లర్ల నీడన పంజాగుట్ట చౌరస్తా వైపు నేనూ మా ఆయనా నడిచేవాళ్లం. ఆయనది కరీంనగర్ వైపు. నేను దారిలో ఆగి పొట్ట పట్టుకుంటే చాలు, "ఏమైంది? జర కూసో. ఆటో పిల్వాల్నా?" అని కంగారుపడేవాడు. పిలవనిచ్చేదాన్ని కాదు. బస్‌స్టాపులో కూర్చుని ఇద్దరం ఎదురుచూసేవాళ్లం. బస్సులు వచ్చేవి, పోయేవి. పొట్ట మెత్తబడేది. లేచి ఇంటికి నడిచేవాళ్లం.

మా అమ్మ ఊరి నుంచి దిగింది. పచ్చళ్ల జాడీలు, పాత చీరలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలు, వాటి అడుగున పంచాంగం. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. రెండు రోజులు తనూ ఊరుకుంది. మూడో రోజు అన్నంలో నెయ్యి వేస్తూ మెల్లగా అంది.

"శుక్రవారం పొద్దున చాలా బాగుందటమ్మా. అయ్యగారు మళ్లీ మళ్లీ చెప్పారు. ఎలాగూ మంగళవారం కోస్తానందిగా ఆవిడ. ఆ కోసేదేదో శుక్రవారమే..."

ఒంటికాలి మీద లేచాను. ఏమన్నానో ఇప్పుడు రాయను. నా కూతురు కంచం ముందు నుంచి లేచి గదిలోకి వెళ్లిపోయిందంటే ఎంత గట్టిగా అరిచానో మీరే ఊహించుకోవచ్చు. అయినా అమ్మ పంచాంగాన్ని సంచిలో పెట్టేయలేదు. ఫ్రిజ్ మీద పెట్టింది.

నొప్పులు వచ్చినప్పుడు అవి దొంగవో నిజమైనవో తేల్చడానికి అమ్మ దగ్గర ఒకటే పరీక్ష ఉంది, జీలకర్ర కషాయం. దొంగ నొప్పులైతే తాగిన కాసేపటికి సర్దుకుంటాయి, అసలువైతే ఇంకా ఎక్కువవుతాయి. పొట్ట బిగిసినప్పుడల్లా అమ్మ వంటింట్లోకి పరుగెత్తేది. నేను గ్లాసు ఎత్తి గటగటా తాగి, సోఫాలో కూర్చుని, ఎక్కువవ్వాలి, ఎక్కువవ్వాలి అని లోపలే అనుకునేదాన్ని. తగ్గిపోయేవి. ఆ రోజుల్లో ఇల్లంతా జీలకర్ర వాసనే. ఎదురు ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ, మేమంతా ఖాలా అని పిలుస్తాం, తలుపు సందులోంచి తొంగిచూసి, "ఏం బేటీ, గియ్యాల సుత ఉత్తదేనా? పర్వా లేదు. లోపల మంచిగ తిని పండుకున్నది నీ బిడ్డ. దాని ఇష్టం గాని నీ ఇష్టమా?" అని నవ్వేది. ఇంకెవరైనా ఆ మాటంటే కస్సుమనేదాన్ని. ఆవిడ అంటే ఎందుకో ఊరటగా ఉండేది.

శుక్రవారం వచ్చింది. తెల్లవారగానే నాకు పొట్ట బిగియడం మొదలైంది. ఈసారి కాస్త బలంగా, కాస్త దగ్గర దగ్గరగా. కషాయం తాగాను. తగ్గలేదు. అమ్మ మొహం వెలిగిపోయింది. "చూశావా, దాని ఘడియ దానికే తెలుసు" అంటూ హడావుడిగా కొత్త చీర కట్టుకుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముహూర్తానికే వస్తే రానీ, నొప్పులతో వస్తోంది కదా, అనుకున్నాను. ఖాలాకు పాపను అప్పజెప్పి, ఆటోలో పంజాగుట్ట ఆసుపత్రికి వెళ్లాం.

ఆపరేషన్ థియేటర్ ముందు నిలబడటానికి చోటు లేదు. అంత దివ్యమైన శుక్రవారాన్ని మా పురోహితుడొక్కడే కనిపెట్టలేదు మరి. ప్రతి కుటుంబానికీ ఒక పెద్దాయన, ఆయన చేతిలో ఫోను, కళ్లు గోడ గడియారం మీద. నర్సు బయటికొస్తే చాలు, మా వాళ్లను ఎప్పుడు తీసుకెళ్తారు, టైం దాటిపోతోంది అంటూ అందరూ మీద పడుతున్నారు. ఒకావిడ అయితే స్ట్రెచర్ మీద పడుకుని, తన ఘడియ జారిపోతోందని ఏడుస్తోంది. ఆమెను చూస్తే నాకు జాలేసింది. ఐదేళ్ల క్రితం అలాంటి స్ట్రెచర్ మీదే నేనున్నాను.

నన్ను పక్క గదిలో పడుకోబెట్టి పొట్టకు బెల్టు కట్టి మిషన్ పెట్టారు. బెల్టు కట్టిన దగ్గర్నుంచి నొప్పులు పలచబడ్డాయి. కాసేపటికి పూర్తిగా మాయమయ్యాయి. డాక్టరమ్మ వచ్చి కాగితం చూసి, "ఫాల్స్ పెయిన్సే. ఇంటికెళ్లి రెస్ట్ తీసుకో" అంది. అప్పుడు మా అమ్మ చేతులు జోడించింది.

"ఎలాగూ వచ్చేశాం కదా డాక్టరుగారూ. ఇంకా టైం ఉంది. ఇవాళే తీసెయ్యండి. మీకు పుణ్యముంటుంది."

"మొదటిదాన్ని గాజు పెట్టెలో పెట్టించావు, చాల్లేదా?" అన్నాను, బయట ఉన్న అంతమందికీ వినపడేలా. అమ్మ చేతులు జోడించినవి జోడించినట్టే కిందికి దిగాయి. డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అవసరం లేకుండా కోయనని మాత్రం చెప్పి వెళ్లిపోయింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో మా ఆయన "అత్తమ్మా, నీళ్లు తాగుతరా?" అని అడిగాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది.

ఇంటికొచ్చాక అమ్మ కొత్త చీర మార్చుకోకుండానే వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. చిక్కుడుకాయలు ముందేసుకుంది గానీ ఒక్కటీ ఒలవలేదు. నేను మంచినీళ్లకని వెళ్తే, నా వైపు చూడకుండానే మొదలుపెట్టింది.

"నీకంటే ముందు ఒక కాన్పు పోయిందని తెలుసుగా నీకు."

తెలుసు. మా ఇంట్లో ఆ సంగతి అంతవరకే ఉండేది. ఎవరైనా అడిగితే, మొదటి కాన్పు పోయింది, తర్వాత ఇది పుట్టింది అనేవాళ్లు. పంట పోయిన సంవత్సరం గురించి చెప్పినట్టు చెప్పేవాళ్లు. నేనూ ఎప్పుడూ ఆరా తీయలేదు.

"నొప్పులు బాగానే వచ్చాయి," అంది అమ్మ. "నువ్వు కోరుకునేట్టే, వాటంతటవే. పొద్దున మొదలయ్యాయి. మంత్రసాని, ఇదిగో అయిపోతుంది, ఇదిగో వచ్చేస్తుంది అంటూనే ఉంది. రాత్రయింది, మళ్లీ తెల్లారింది. తల అక్కడే ఉండిపోయింది. మా ఊళ్లో కోసే డాక్టరు లేడు. బండి కట్టించి టౌనుకు తీసుకెళ్లేసరికి లోపల కదలిక లేదు. అప్పుడు తీశారు, మగపిల్లాణ్ని." ఒక చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుని మళ్లీ పడేసింది. "నొప్పులంటే నీకు పండగలాగుంది. నాకు అలా కాదే. నువ్వు గోడ పట్టుకున్నప్పుడల్లా నాకు ఆ బండే కళ్లముందు కనిపిస్తోంది. ఫలానా రోజు, ఫలానా టైముకు తీసేస్తారంటే ఆ గండం ఉండదుగా. అందుకే ముహూర్తం. నక్షత్రం సంగతి నాకేం తెలుసు?"

ముప్ఫై ఏళ్లకు పైగా నేను చూస్తున్న అమ్మ అయ్యగార్లు ఏం చెబితే అది నమ్మే మనిషి. ఆ పంచాంగం వెనక ఇంత భయం దాచుకుని కూర్చుందని నాకు తట్టనే లేదు. ఆమె పక్కన కింద కూర్చుందామనుకున్నాను. పొట్టతో కూర్చోలేకపోయాను. నిలబడే ఆమె తల మీద చెయ్యి పెట్టాను. నాకు చాలా బాధేసింది, అయినా నా పట్టు వదల్లేదు. "మంగళవారం దాకా ఆగుదామమ్మా," అన్నాను. "సరే," అని చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టింది.

శనివారం పొట్ట అసలు బిగియలేదు. దొంగ నొప్పులు కూడా నన్ను వదిలేశాయా అనుకుని ఆ రోజంతా ఏడుపుమొహంతో తిరిగాను. మంగళవారానికి సంచి సర్దేశాను.

ఆదివారం అమావాస్య. మా అమ్మ లెక్కలో అమావాస్యంటే గడప దాటకూడదు, కొత్త పని మొదలుపెట్టకూడదు, తలకు నూనె కూడా రాసుకోకూడదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను కంచాలు తీస్తుంటే నడుములోంచి ఒక నొప్పి బయల్దేరి ముందుకు చుట్టుకుంది. ఇది పొట్ట బిగియడంలా లేదు. నేనేమీ అనలేదు, అని అని సిగ్గుపోయింది మరి. మళ్లీ వచ్చింది. బల్ల అంచు పట్టుకున్నాను. మూడోసారి వచ్చేసరికి అమ్మ నా వెనకే ఉంది. చేతిలో కషాయం గ్లాసు. ఎప్పుడు కాచిందో నేను గమనించలేదు.

తాగాను. ఈసారి పరీక్ష మరోలా తేలింది. తాగిన కాసేపటికి నిలబడలేకపోయాను.

అమ్మ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "బాబూ, ఆటో పిలవండి," అంది మా ఆయనతో. ఆయన ఒక చెప్పు తనదీ ఒకటి నాదీ వేసుకుని కిందికి పరుగెత్తాడు. ఖాలా వచ్చి పాపను చంకనేసుకుని, నా నుదుటి మీద చెయ్యి వేసి ఏదో చదివింది. "ఫికర్ చెయ్యకు బేటీ. ఖుదా ఉన్నడు. పో." గడప దగ్గర నేను ఆగి అమ్మ మొహంలోకి చూశాను. అమావాస్య అని అంటుందేమోనని. "నడవ్వే," అంది.

ఆసుపత్రి ఖాళీగా ఉంది. శుక్రవారం కాలు పెట్టే చోటు లేని ఆ వరండాలో ఒక ఆయా కుర్చీలో కూర్చుని కునుకు తీస్తోంది. అమావాస్య నాడు బిడ్డను తీయమని అడిగేవాళ్లు ఎవరుంటారు? లేబర్ రూములో నేనొక్కదాన్నే. డాక్టరమ్మ చూసి, "ఇవి నిజం నొప్పులే," అంది నవ్వుతూ. ఆ మాట కోసం నేను ఎన్ని రోజులు ఎదురుచూశానో నాకే తెలుసు. కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. నొప్పి వల్ల అనుకుని నర్సు నన్ను ఓదార్చింది.

ఆ మధ్యాహ్నం గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. నొప్పి నొప్పే. నేనేదో హాయిగా, కళ్లు మూసుకుని అనుభవిస్తాననుకున్నదంతా మొదటి గంటలోనే కొట్టుకుపోయింది. అరిచాను. మా ఆయన్ని తిట్టాను. ఆయన "తిట్టు, ఇంకా తిట్టు, ఏం కాదు" అంటూ నా చెయ్యి వదల్లేదు. ఒక నొప్పి తగ్గి ఇంకొకటి వచ్చేలోపు మాత్రం ఒక చిత్రమైన ప్రశాంతత ఉండేది. అప్పుడు పొట్ట మీద చెయ్యి వేసుకుని, నువ్వే కదూ, నువ్వే వస్తున్నావు కదూ అని అడిగేదాన్ని. మొదటి కాన్పులో ఆ ప్రశ్న అడిగే అవకాశం నాకు రాలేదు.

పొద్దు వాలుతుండగా మిషన్‌లో బిడ్డ గుండె చప్పుడు మారింది. టకటకా పరుగెత్తే చప్పుడు కాస్తా ఆగి ఆగి వినిపించసాగింది. నర్సు నన్ను పక్కకు తిప్పింది, ముక్కుకు ఆక్సిజన్ పెట్టింది. చప్పుడు కాసేపు కోలుకుని మళ్లీ మందగించింది. డాక్టరమ్మ మొహంలో నవ్వు లేదు. "బేబీ అలిసిపోయింది. ఇంక ఆగొద్దు," అంది. నేను, "ఇంకొంచెం సేపు..." అన్నాను. "లేదమ్మా," అంది. నర్సు అప్పటికే స్ట్రెచర్ తెచ్చింది. "థియేటర్ ఖాళీయే మేడమ్, ఇవాళ కేసుల్లేవు," అంటోంది.

వరండాలో తలుపు పక్కన అమ్మ నిలబడి ఉంది. నా స్ట్రెచర్ ఆమె పక్క నుంచే వెళ్లింది. ఆమె పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నా పాదం పట్టుకుని నాలుగడుగులు నాతో వచ్చింది. థియేటర్ తలుపు దగ్గర వదిలేసింది.

తెర అవతల ఏం జరిగిందో నాకు తెలియలేదు. లాగినట్టు మాత్రం తెలిసింది. ఆ తర్వాత ఒక నిశ్శబ్దం. అది ఎంతసేపో నేను చెప్పలేను. ఆ నిశ్శబ్దంలో నేను అద్దం ముందు కాదు, ఎన్నడూ చూడని ఒక ఎడ్లబండిలో ఉన్నాను. అప్పుడు ఏడుపు వినిపించింది. గట్టి ఏడుపు, గొంతు నిండా ఊపిరి ఉన్న ఏడుపు. "ఆడపిల్ల," అన్నారెవరో. తెచ్చి నా చెంపకు ఆనించారు. గాజు పెట్టె అక్కర్లేదన్నారు.

మర్నాడు పొద్దున నాకు మత్తు పూర్తిగా దిగింది. కిటికీలోంచి పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఆఫీసు టైం ట్రాఫిక్ కనిపిస్తోంది. అమ్మ కుర్చీలో కూర్చుని పాపను పొత్తిగుడ్డలో చుట్టి ఒళ్లో పడుకోబెట్టుకుంది. పాప పుట్టిన టైం ఆసుపత్రి కాగితం మీద ఉంది. అమ్మ దాన్ని అడగలేదు, అయ్యగారికి ఫోనూ చేయలేదు. సంతోషించాల్సింది పోయి నాకు దుఃఖం పొంగుకొచ్చింది. పాత కుట్టు మీదే మళ్లీ కుట్టు. అన్ని నడకలు నడిచి, అంతమందితో పోట్లాడి, ఇంటిల్లిపాదినీ ఏడిపించి, చివరికి కోతే.

"నా వల్ల కాలేదమ్మా," అన్నాను.

అమ్మ తలెత్తి చూసింది. "నీ వల్ల కాకపోవడమేంటే? ఇది బయల్దేరింది. తనంతట తనే బయల్దేరి, గుమ్మం దాకా వచ్చింది. వాళ్లు తలుపు తీశారు, అంతేగా."

పాప కాళ్లు కదిలిస్తే గుడ్డ సర్దింది.

"వాడూ అక్కడిదాకా వచ్చాడే," అంది. "తీసేవాళ్లే లేరు."